తల తెగిన కార్వాన్

స్కూల్ వ్యాన్, పోలీస్ వ్యాన్, పాల వ్యాన్, పెళ్లిబృందం వ్యాన్. బడి మొహం చూడనివాళ్లు కూడా సొంత మాటలా వాడేసే ఈ పొట్టి పదం ఎక్కడిదని అడిగితే, ఇంగ్లీషుదే కదా, అందులో అడిగేదేముంది అంటారు. ఇంగ్లీషుదే. కాకపోతే ఇంగ్లీషువాడి దగ్గర మిగిలింది తోక ముక్క. తలతో సహా పూర్తి మాట చూడాలంటే హైదరాబాదులో పురానాపూల్ దగ్గర గోల్కొండ దారి పట్టాలి. జియాగూడ పక్కనుంచి కాస్త దూరం వెళ్తే దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపుల్లోనూ కనిపిస్తుంది: కార్వాన్.

ఈ పేరుతో ఒక అసెంబ్లీ నియోజకవర్గం ఉంది. ఎన్నికలప్పుడు టీవీల్లో ఆ పేరు మోగిపోతుంది. మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్నా జనం లెక్కలో అది పాతబస్తీయే. టోలీ మసీదు, దర్బార్ మైసమ్మ గుడి, బోనాల ఊరేగింపు, ఇరుకు గల్లీలు, సబ్జీమండి, టప్పాచబుత్ర, జిర్రా. అక్కడ పుట్టి పెరిగినవాళ్లకు కార్వాన్ అంటే ఇల్లున్న చోటు, అంతే. కార్వాన్‌లో ఉంటాం అనేవాళ్లెవరూ తాము ప్రయాణంలో ఉన్నామని అనుకోరు. కానీ మాట అర్థం అదే. ఫారసీలో కార్వాన్ అంటే కలిసి నడిచే బాటసారుల గుంపు. నడిచే గుంపు పేరు కదలని పేటకు అంటుకుని నాలుగు శతాబ్దాలుగా అక్కడే ఉండిపోయింది.

తెలుగులో ఇదే అర్థానికి బిడారు అనే మాట ఉంది. ఒంటెల బిడారు అని పిల్లల కథల్లో చదివినవాళ్లే అందరూ. పాత నిఘంటువులు తిరగేస్తే బిడారం అంటే విడిది, దిగిన చోటు. అంటే మన మాట దిగిన చోటు నుంచి నడిచే గుంపుకు పోయింది. ఫారసీ మాట హైదరాబాదుకు వచ్చి నడిచే గుంపు నుంచి దిగిన చోటుకు వచ్చింది.

కార్వాన్ అనే మాట ఎలా పుట్టిందన్న దాని మీద పండితులకు ఒక్క మాట లేదు. ప్రాచీన పారసీక శాసనాల్లో 'కార' అంటే సైన్యం, జనం; అక్కడినుంచే వచ్చిందంటారు కొందరు. సంస్కృతంలో కరభం అంటే ఒంటె పిల్ల. దానితో ముడిపెడతారు ఇంకొందరు. నాకైతే మొదటిదే సబబుగా తోస్తుంది. కార్వాన్‌కు ముఖ్యం ఒంటె కాదు, జనం. మన దక్కనులో నడిచిన కార్వాన్లకు బరువు మోసినవి ఎక్కువగా ఎడ్లే, అయినా ఆ మాట చెల్లింది.

ఫారసీ నుంచి అరబ్బీలోకి వెళ్లి అది ఖైరవాన్ అయింది. క్రీ.శ. 670లో ఉక్బా ఇబ్న్ నాఫీ అనే అరబ్బు సేనాని ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి ట్యునీషియాలో, ఒక దండు విడిది వేసి పట్టణం కట్టాడు. దాని పేరు కూడా ఇదే మాట: కైరువాన్. అలా ప్రయాణికుల గుంపు పేరు పెట్టుకుని స్థిరపడిన చోటు ప్రపంచంలో మన కార్వాన్ ఒక్కటే కాదు. శిలువ యుద్ధాలకు తూర్పు దేశాలకు వెళ్లిన యూరప్ సైనికుల, యాత్రికుల నోళ్లకు ఆ మాట ఎక్కింది. లాటిన్‌లోకి, ఫ్రెంచిలోకి, చివరికి పదహారో శతాబ్దం చివర ఇంగ్లీషులోకి చేరింది. అప్పటికి వాళ్లకు కూడా కారవాన్ అంటే ఎడారి దాటే వర్తకుల గుంపే.

ఇంగ్లీషులో ఆ మాట కొత్తగా అచ్చు చూస్తున్న ఆ రోజుల్లోనే ఇక్కడ గోల్కొండ కోట ఇరుకై, కులీ కుతుబ్‌షా మూసీకి దక్షిణాన కొత్త నగరం కట్టుకున్నాడు. చార్మినార్ 1591 నాటిది. కానీ కార్వాన్ కథ చార్మినార్ కంటే ముందు, వంతెనతో మొదలవుతుంది. పురానాపూల్ 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కట్టించాడు. ఇరవై రెండు కమానులు. ఈ వంతెన గురించి హైదరాబాదులో ఎవరినడిగినా ఒక ప్రేమకథ చెబుతారు. రాకుమారుడు కులీ అవతలి ఒడ్డున ఉన్న భాగమతి కోసం వరదలో గుర్రం దూకించాడట, కొడుకు ప్రాణానికి భయపడి తండ్రి వంతెన కట్టించాడట. కులీ పుట్టింది 1565 ప్రాంతంలో. వంతెన పూర్తయ్యేనాటికి అతనికి పన్నెండు పదమూడేళ్లు. ఆ వయసు పిల్లాడి ప్రేమ కోసం ఏ తండ్రీ నది మీద రాతి వంతెన కట్టించడు. చెంప మీద ఒకటిచ్చి ఇంట్లో కూర్చోబెడతాడు. వంతెన అవసరం వేరు. గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే దారి మూసీని దాటాలి. వానాకాలంలో నది పొంగితే సరుకు ఆగిపోతుంది, సుంకం ఆగిపోతుంది. ఖజానా బాధ తెలిసిన రాజు కట్టించిన వంతెన అది. అయినా ప్రేమకథే నిలబడింది. సుంకాల గురించి పాట ఎవరు కడతారు?

ఆ వంతెనకు ఇవతల, కోట దారి పొడవునా పెరిగిన పేటే కార్వాన్. పదిహేడో శతాబ్దం మధ్యలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి తావెర్నియే తన ప్రయాణాల పుస్తకాన్ని 1676లో అచ్చేశాడు. కోట నుంచి వచ్చేవాళ్లు వంతెన ఎక్కే ముందు దాటాల్సిన పెద్ద శివారు పేట గురించి అందులో రాశాడు. కోసున్నర పొడవట. వర్తకులు, దళారులు, చేతిపనివాళ్లు, సామాన్య జనమంతా అక్కడే ఉంటారట. వంతెన అవతలి నగరంలో గొప్పవాళ్లు, రాజు కొలువులో ఉన్నవాళ్లు మాత్రమే. పొద్దున పది పదకొండింటికి దళారులు నగరంలోకి వెళ్లి విదేశీ వర్తకులతో బేరాలాడి, సాయంత్రం నాలుగైదింటికి తిరిగి పేటకు వచ్చి పడుకుంటారట. ఇప్పటి ఆఫీసు వేళలతో పోల్చి చూసుకోండి. శివారులో ఇల్లు, నగరంలో పని అనే జీవితం హైటెక్ సిటీతో మొదలు కాలేదు. ఆ వంతెనను అతను ప్యారిస్‌లోని పాంట్ నఫ్‌తో పోల్చి, అందంలో దానికి ఏమంత తీసిపోదన్నాడు. ఆ పేటలో రెండు మూడు అందమైన మసీదులు పరదేశులకు సరాయిలుగా కూడా పనికొచ్చేవని అతని మాట.

కార్వాన్‌కు పూర్తి పేరు కార్వాన్ సాహు. సాహు అంటే వర్తకుడు. సాహుకారు అనే మాటను మనం షావుకారు చేసుకున్నాం. వజ్రాల లావాదేవీలు ఈ సాహుల చేతుల మీదుగా నడిచేవి. కృష్ణా తీరంలోని కొల్లూరు గనిలో ఆడా మగా పిల్లా జెల్లా కలిసి అరవై వేల మంది పనిచేస్తున్నారని తావెర్నియే లెక్క. గోల్కొండకు ఏడు రోజుల ప్రయాణం. కోహినూరుకు సాన పట్టింది కార్వాన్‌లోనే అని పాతబస్తీ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. దానికి రుజువు అడిగితే వాళ్లు నొచ్చుకుంటారు కాబట్టి నేనడగను.

రుజువున్న సంగతి ఇంకా బాగుంటుంది. వజ్రాల వర్తకులు బేరమాడే పద్ధతిని తావెర్నియే దగ్గర కూర్చుని చూశాడు. కొనేవాడూ అమ్మేవాడూ ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకడు నడుముకు చుట్టుకున్న గుడ్డ విప్పి ఇద్దరి చేతుల మీదా కప్పుతాడు. ఇక మాట్లాడరు. గుడ్డ కింద ఒకరి చేతిని ఒకరు పట్టుకుంటారు. చెయ్యంతా పట్టుకుంటే వెయ్యి. ఎన్నిసార్లు నొక్కితే అన్ని వేలు. ఐదు వేళ్లు పట్టుకుంటే అయిదొందలు, ఒక్క వేలైతే వంద. వేలు నడిమి కణుపు దాకా పట్టుకుంటే యాభై, వేలి కొస మాత్రమే పట్టుకుంటే పది. పక్కన పదిమంది కూర్చుని గుడ్లప్పగించి చూస్తున్నా ధర ఎంత కుదిరిందో ఒక్కడికీ తెలియదు. ముఖంలో ఏమీ కనిపించనివ్వరు. అదే సరుకు చేతులు మారి అదే చోట మళ్లీ అమ్ముడుపోయినా ఎవడికెంత మిగిలిందో పైకి తెలియదు. ఇదంతా చదివి ఆశ్చర్యపోయింది ఫ్రాన్స్ జనమే. మన ఊళ్లలో ఎద్దుల సంత చూసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. తువ్వాలు కింద చెయ్యి పెట్టి బేరం తేల్చుకోవడం పశువుల సంతల్లో నిన్నమొన్నటిదాకా ఉన్నదే.

ఇంతకీ గుంపుగా ఎందుకు నడిచేవాళ్లు? దొంగల భయం. ఒక్కడు వెళ్తే దోచుకుంటారు, రెండొందల మంది వెళ్తే ఆలోచిస్తారు. కాస్త స్తోమతు ఉన్న ప్రయాణికుడు విల్లంబులు, తుపాకులు పట్టిన ఇరవై ముప్పై మందిని వెంటబెట్టుకునేవాడు. మనిషికి నెలకు నాలుగు రూపాయల జీతం. ఆ నాలుగు రూపాయలు కూడా పెట్టుకోలేనివాడు పెద్ద గుంపు కోసం సరాయిలో కాచుకుని కూర్చునేవాడు.

అసలైన గుంపులు మాత్రం వజ్రాలవి కావు. వజ్రాలు నడుముకు కట్టుకుని పోవచ్చు. ధాన్యం, ఉప్పు, పప్పులు కట్టుకుని పోలేం కదా. అవి ఎద్దుల మీద కదలాలి. పదివేలు, పన్నెండు వేల ఎద్దులు ఒకే బారుగా నడిచేవని తావెర్నియే రాతలో ఉంది. ఒక్కో ఎద్దు మీద మన కొలతలో నూటయాభై కిలోల పైచిలుకు బరువు. వీపు మీద అటూ ఇటూ వేలాడే జోడు గోనెను తెలుగులో పెరికె అన్నాం, కంట్లం అన్నాం. పెరిక ఎడ్లు తోలిన కులానికి ఆ పేరే నిలిచింది. ఇరుకు దారిలో ఇంత బారు ఎదురైతే బండి పక్కకు ఆపి రెండు మూడు రోజులు ఎదురుచూడాల్సిందేనట. మెహదీపట్నం సిగ్నల్ దగ్గర పావుగంట ఆగినందుకు శాపనార్థాలు పెట్టేవాళ్లం మనం.

ఆ ఎద్దులు బంజారాలవి. వాళ్లే మన లంబాడీలు. తావెర్నియే చూసినప్పుడు వాళ్లలో నాలుగు తెగలు, తెగకొక సరుకు: ఒకరు బియ్యం, ఒకరు ఇతర ధాన్యం, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు. ఎవరి సరుకు వాళ్లదే, రెండోది ముట్టరు. ఇల్లూ వాకిలీ దారే. నాయకుడి మెడలో ముత్యాల దండ. బియ్యం బారు, ధాన్యం బారు ఎదురుపడితే ఎవరు దారి ఇవ్వాలన్న పంతం మీద నెత్తురు పారేది. చివరికి మొగలు చక్రవర్తి ఇద్దరు నాయకులనూ పిలిపించి, చెరో లక్ష రూపాయలు, చెరో ముత్యాల దండ ఇచ్చి రాజీ చేశాడని రాశాడు. ఉప్పూ బియ్యం ఆగిపోతే సైన్యం పస్తు పడుకోవాలి. లక్షలు ఊరికే రాలేదు.

బంజారాలు చెప్పుకునే ఇంకో కథ ఉంది. షాజహాన్ వజీరు ఆసఫ్ ఖాన్ దక్కను మీదికి దండెత్తి వచ్చినప్పుడు భంగీ, జంగీ అనే నాయకుల ఎద్దులు సైన్యానికి తిండి మోశాయట. అందుకు మెచ్చి రాగిరేకు మీద బంగారు అక్షరాలతో హక్కుపత్రం రాయించి ఇచ్చాడట. దారిలో ఎవరి కుండలో నీళ్లైనా తాగవచ్చు, ఎవరి కప్పు మీది గడ్డైనా ఎద్దులకు పీకి వేయవచ్చు, రోజుకు మూడు హత్యల దాకా మాఫీ. ఆ మూడో వరం నిజమో కాదో గానీ, కథ చెప్పేవాళ్లు దాన్ని మాత్రం ఎప్పుడూ వదలరు.

కార్వాన్‌లో ఆ కాలపు గుర్తుగా తలెత్తి నిలిచింది టోలీ మసీదు. 1671లో, అబ్దుల్లా కుతుబ్‌షా ఏలుబడి చివర్లో, మూసా ఖాన్ అనే అధికారి కట్టించాడు. ఎత్తైన అరుగు, ముందు ఐదు కమానులు, రెండు వైపులా మినార్లు. ఆ మినార్ల మీద సున్నపు నగిషీని మధ్యాహ్నం ఎండ కాస్త ఏటవాలుగా పడినప్పుడు చూడాలి. అడుగు నుంచి పై దాకా ఖాళీ జాగా వదలకుండా చెక్కారు. చార్మినార్‌లో ఉన్న నిబ్బరం ఇందులో లేదు, డబ్బున్న పేట ముచ్చట ఉంది. దీనికి దమ్‌డీ మసీదు అని ఇంకో పేరు. మక్కా మసీదు పనులు మూసా ఖాన్ చేతుల మీద నడిచినప్పుడు, ఖర్చయిన ప్రతి రూపాయికీ అతనికి ఒక దమ్‌డీ ముట్టేదట. ఆ చిల్లర కూడబెట్టి ఈ మసీదు కట్టించాడట. దమ్‌డీ అంటే మన దమ్మిడీయే. చేతిలో దమ్మిడీ లేదు అంటామే, అదే. రూపాయికి దమ్మిడీ చొప్పున దళారీ తీసుకుని ఇంత కట్టడం లేచిందంటే మక్కా మసీదుకు ఎన్ని రూపాయలు ఖర్చయ్యాయో ఊహించుకోవచ్చు. ఈ రోజుల్లో కాంట్రాక్టుల మీద కమీషన్ తిన్నవాళ్లు కూడా మసీదులూ గుళ్లూ కట్టిస్తారు గానీ, ఎంత శాతమో పేరులో పెట్టుకునే ధైర్యం ఎవరికీ లేదు.

కార్వాన్ దిగే చోటు కార్వాన్‌సరాయి. ఆ మాట కూడా ఇంగ్లీషులోకి వెళ్లింది. షేక్‌పేటలో కుతుబ్‌షాహీల కాలపు సరాయి ఇప్పటికీ ఉంది: రెండంతస్తులు, కింద ఒంటెలకూ గుర్రాలకూ కొట్టాలు, పక్కన మసీదు. మచిలీపట్నం దారిలో హయత్‌నగర్‌లో, కులీ కూతురు, అబ్దుల్లా తల్లి అయిన హయాత్ బక్షీ బేగం పేరు మీద మసీదు, దాని చుట్టూ బాటసారుల గదులు, హాథీ బావి ఉన్నాయి. విజయవాడ బస్సులు ఆ పక్కనుంచే పోతాయి. మనవైపు ఊళ్లలో ఇదే పని సత్రాలూ చావళ్లూ చేశాయి. దక్షిణాది చావడిని ఇంగ్లీషువాళ్లు చౌల్ట్రీ చేశారు, మన గోనెను గన్నీ చేశారు.

1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాక రాజధాని లేని కోటకు వజ్రాలు ఎందుకు వస్తాయి? కార్వాన్ సాహులు కొందరు చెదిరిపోయారు. 1763లో నిజాం అలీ ఖాన్ రాజధానిని ఔరంగాబాదు నుంచి మళ్లీ హైదరాబాదుకు తెచ్చేనాటికి వర్తకం మొగ్గు తూర్పుకు జరిగింది. ఆ తర్వాత బేగంబజార్ లేచింది. ఎద్దుల బారులు మాత్రం ఇంకో వందేళ్లు నడిచాయి. 1791, 92 సంవత్సరాల్లో టిప్పు మీదికి వెళ్లిన కారన్‌వాలిస్ సైన్యానికి ధాన్యం తెచ్చిపెట్టింది కూడా బంజారాలే. 1874లో వాడీ నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1889కి అది బెజవాడ దాకా వెళ్లింది. పదివేల ఎద్దులు నెలల తరబడి మోసేది గూడ్సు బండ్లు రోజుల్లో దింపేశాయి. సముద్రతీరం నుంచి ఉప్పు తేవడం బంజారాలకు పెద్ద బతుకుదెరువు. దాని మీద సర్కారు గుత్తాధిపత్యం అదివరకే దెబ్బ కొట్టింది. 1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. సామ్రాజ్యాలకు తిండి మోసిన జనాన్ని, బరువు లేకుండా తిరుగుతున్నారు కాబట్టి దొంగలయ్యుంటారని అనుమానించడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు డిక్షనరీలో కారవాన్ ఎన్ని అర్థాలు మార్చుకున్నా ఇంత అన్యాయం మాత్రం దానికి జరగలేదు.

అక్కడ దాని గతి వేరు. ఇంగ్లండులో ఎడారి లేదు, ఒంటె లేదు, దారి దోపిడీలున్నా ఇంత పెద్ద గుంపుల అవసరం లేదు. మాట చేతిలో ఉంది, వస్తువు లేదు. పదిహేడో శతాబ్దంలోనే వాళ్లు జనాన్నో సామాన్లనో ఎక్కించుకుపోయే పెద్ద కప్పు బండికి ఆ పేరు తగిలించారు. గుంపు పోయి బండి వచ్చింది. తర్వాత సర్కసువాళ్లు, జంతు ప్రదర్శనలవాళ్లు, జిప్సీలు తమ చక్రాల ఇళ్లకు ఆ పేరే వాడుకున్నారు. పల్లెల్లో పిల్లలకు కారవాన్ వచ్చిందంటే సింహం వచ్చిందని అర్థం. సరుకు బండ్లవాళ్లకు ఇంత పొడుగు మాట పలికే తీరిక లేదు. మొదటి సగం కోసేశారు. 1829 నాటికి వ్యాన్ అచ్చులోకి ఎక్కింది. మనం టెలిఫోన్‌ను ఫోన్ చేసినట్టే.

ఇంగ్లీషులో ఇంకో వ్యాన్ ఉంది, సైన్యం ముందు నడిచే దళం, వ్యాన్‌గార్డ్‌లో ఉన్నది. దానికీ దీనికీ చుట్టరికం లేదు. అది ఫ్రెంచి 'అవాఁ' నుంచి వచ్చింది, ముందు అని అర్థం.

1885లో గోర్డన్ స్టేబుల్స్ అనే రిటైరైన నౌకాదళ డాక్టరు బ్రిస్టల్ బండ్ల కర్మాగారంలో సొంతానికి ఒక కారవాన్ చేయించుకున్నాడు. పేరు వాండరర్, దిమ్మరి. రెండు గుర్రాలు లాగే మహాగని చెక్క ఇల్లు. సరదా కోసం దేశం తిరగడానికి కారవాన్ కట్టించుకున్న మొదటి పెద్దమనిషిగా అతనికి పేరు. అంతవరకు పొట్టకూటి కోసం తిరిగేవాళ్లది ఆ బతుకు, అతనితో అది సెలవుల విలాసం అయింది. 1907లో అక్కడ కారవాన్ క్లబ్బు కూడా పెట్టారు. జిప్సీలను ఊళ్లోంచి తరిమేవాళ్లే ఆదివారాల్లో జిప్సీల్లా తిరగడం నేర్చుకున్నారు.

ఇక తిరుగు ప్రయాణం. రైలుతో పాటు గార్డు వ్యాన్ వచ్చింది. ఎద్దుల బారును చంపిన రైలుకు చిట్టచివర, ఆ ఎద్దుల బారు పేరులోని చివరి ముక్క వేలాడుతూ వచ్చింది. అప్పుడు ఎవరికీ తట్టి ఉండదు. తర్వాత మోటారు వ్యాన్లు, పోలీసు వ్యాన్లు, ఖైదీల వ్యాన్లు. ఆ పైన మారుతీ వ్యాన్, ఇరవైమంది పిల్లల్ని కుక్కుకుని బడికి పోయే మారుతీ వ్యాన్. కార్వాన్ గల్లీలోకి వచ్చి హారన్ కొట్టే స్కూల్ వ్యాన్‌కు తాను అమ్మగారింటికి వచ్చానని తెలియదు.

పూర్తి మాట కూడా తిరిగి వచ్చింది, సినిమావాళ్ల వెంట. తెలుగు సినిమా షూటింగుల్లో కారవాన్ అంటే హీరో విశ్రాంతి బస్సు. లోపల ఏసీ, మంచం, అద్దం, టీవీ, బాత్రూం. హీరో కారవాన్ దిగలేదు, హీరోయిన్‌కు కారవాన్ రాలేదు అన్న మాటలు ప్రొడక్షన్ మేనేజర్ల నోట రోజూ వినేవే. నిర్మాతలు ఖర్చుల గురించి మొరపెట్టుకున్నప్పుడల్లా కారవాన్ల లెక్క బయటికొస్తుంది. వెనకటి తారలు చెట్టు కింద కుర్చీలేసుకుని, తోటి నటులతో కబుర్లాడుతూ షాట్ కోసం ఎదురుచూసేవాళ్లు. ఆ కబుర్లు ఇప్పుడు లేవని పాత నటులు ఇంటర్వ్యూల్లో వాపోతుంటారు. పది మంది తోడు లేనిదే ఊరు దాటని రోజుల్లో పుట్టిన మాట, పది మంది కంట పడకుండా తలుపేసుకునే గదికి పేరైంది. ఈ బస్సుల్లో చాలా మటుకు ఆగేది ఎక్కడనుకున్నారు? స్టూడియోలున్న బంజారాహిల్స్ చుట్టుపక్కలే. నిజాం సర్కారు అధికారి మెహదీ నవాజ్ జంగ్ ఆ రాళ్లగుట్టల మీద ఇల్లు కట్టుకుని, అక్కడ తండాలు వేసుకుని ఉన్న బంజారాల పేరు దానికి పెట్టాడు. ఇంటి పేరు కొండల పేరైంది. అసలు కార్వాన్లు నడిపినవాళ్ల పేరు కొండకు మిగిలింది, వాళ్ల కార్వాన్ పేరు ఏసీ బస్సుకు మిగిలింది. గజం ధర అక్కడ ఎంతుందో లంబాడీ తండాల్లో ఎవరినైనా అడిగి చూడండి, నవ్వుతారు.

జియాగూడ మేకల మండిలో మాత్రం పాత పని ఇంకా పాతలాగే ఉంది. జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి గొర్రెలూ మేకలూ తెల్లవారుజామునే దిగుతాయి. బక్రీదు ముందు వారం ఆ రోడ్డు మీద మనిషి నడవడానికి జాగా ఉండదు. కాపరి, దళారి, కసాయి, కొనుగోలుదారు. తెలుగు, దక్కనీ ఉర్దూ, మరాఠీ కలిసిన బేరాలు. వెన్నుపూస మీద బొటనవేలితో నొక్కి కండ ఎంతుందో చూసే చేతులు. కార్వాన్ పక్కనే, అదే నది ఒడ్డున, సరుకు దూరం నుంచి వచ్చి దిగి చేతులు మారుతోంది. అది వచ్చేది ఏ బండిలో అని అడిగితే అక్కడ ఎవరూ వ్యాన్ అనరు. "డీసీఎం దిగిందా అన్నా?" అంటారు. తెలంగాణలో ఏ కంపెనీ తయారు చేసినా మినీ లారీ పేరు డీసీఎమ్మే. 1980లలో జపాన్ టయోటాతో కలిసి డీసీఎం టయోటా అనే కంపెనీ ఆ సైజు బండ్లను మన రోడ్ల మీదికి తెచ్చింది. జనం మొదట డీసీఎం వ్యాన్ అన్నారు, తర్వాత వ్యాన్ కూడా ఎందుకు దండగని వదిలేశారు. ఇంగ్లీషువాడు తల కోస్తే మనం తోక కోశాం. ఇక మిగిలిన ఆ మూడక్షరాలు, అవి ఢిల్లీ క్లాత్ మిల్స్, ఒక బట్టల మిల్లు పేరు.